ఆగి ఆగి నడిచిన మామ

కంప్యూటరు కొన్నవాడికంటే దాన్ని విప్పి చూసినవాడికే ఇంట్లో ఎక్కువ మర్యాద దొరికిన కాలం అది. కృష్ణగిరిలో డిప్లొమా ముగించి, హోసూరులో ఒక కంప్యూటర్ల అంగడిలో పనికి కుదిరిన నన్ను బంధువులంతా 'ఇంజనీరప్ప' అనేవాళ్లు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. ఎవరింటికి పోయినా కాఫీ వచ్చేలోపల వాళ్ల కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి, "ఇదంతా ఉచితం, దీని సోర్సు కోడు ఎవరైనా చదువుకోవచ్చు" అని ఉపన్యాసం దంచి వచ్చేవాణ్ని. (నేను మాత్రం మొదటి పేజీ దాటి చదివిన పాపాన పోలేదు.) అట్లా నా చేతికి చిక్కినవాటిలో రాయకోటలో ఉండే మా మేనమామ కంప్యూటరు ఒకటి. తను పనిచేసే ఫ్యాక్టరీలో పాతవి అమ్మేస్తుంటే ఆయన ముచ్చటపడి ఇంటికి మోసుకొచ్చుకున్నాడు.

ఆ మామ ఒకనాటి పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ, గుండె పట్టుకుని వాకిట్లోనే కూలబడిపోయాడు. ఆస్పత్రిదాకా కూడా పోలేదు. కర్మాంతరాలైన మరునాడు ఆయన స్నేహితుడొకడు వచ్చి అత్త చేతిలో ఒక సీడీ పెట్టాడు. కొత్త కెమెరా కొన్న మురిపెంలో, కెలవరపల్లి డ్యామ్ దగ్గర మామను వీడియో తీశాడట. అత్తావాళ్ల పెళ్లినాటికి వీడియోలు లేవు. ఉన్న ఫొటోల్లో చాలావాటిలో మామ ఫ్లాష్‌కు కళ్లు మూసేసుకున్నాడు. అత్త నాకు ఫోన్ చేసింది. "మీ మామ నడిచేది, మాట్లాడేది ఒక్కసారి చూడాలప్పా. ఆ మొగము అప్పుడే సరిగ్గా గుర్తుకు రాకుండా ఉంది. నాకు బయమేస్తా ఉంది" అని ఏడ్చింది. నేను రైలెక్కాను.

సీడీ పెట్టేసరికి పక్కింటి అవ్వ కూడా వచ్చి కూర్చుంది. అది కొత్తరకం హెచ్‌డీ వీడియో, ఇది ముసలి కంప్యూటరు. "చాలప్పా, ఎంతసేపు తీస్తావు? పోదాం రా" అని మామ గొంతు వినిపించి ముగిసిపోయింది. తెర మీద మామ మాత్రం డ్యామ్ గట్టు మీద ఒక కాలు ఎత్తి అట్లాగే నిలబడ్డాడు. కాసేపటికి ఆ కాలు దించాడు. ఇంకాసేపటికి రెండోది ఎత్తాడు. "ఏందమ్మా ఇది, మీ ఆయన ఇంత నిదానంగా నడిచే మనిషి కాదే!" అంది అవ్వ. అత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కన్నార్పకుండా చూస్తూ ఉంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

"ఒక్క ప్రాసెసరే ఆ వీడియోనంతా విప్పి చూపించాల అత్తా. పాపం, దానికి అంత శక్తి లేదు. గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఆ పని అది చూసుకుంటుంది. దాన్ని హార్డ్‌వేర్ డీకోడింగ్ అంటారు" అన్నాను.

"అంటే రోట్లో రుబ్బలేక గ్రైండరు తెచ్చినట్లా?"

"అంతే అత్తా!" (నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఇంత తేటగా చెప్పింది లేదు.)

తరువాతి ఆదివారం కార్డు పట్టుకుని మళ్లీ రాయకోటలో దిగాను. బిగించాను, దాన్ని నడిపించే డ్రైవరు సాఫ్టువేరు ఎక్కించాను, ఛాతీ విరుచుకుని ప్లేయరు నడిపించాను. మామ నడిచాడు, కానీ తలనుంచి కాళ్లదాకా ఆకుపచ్చ రంగులో నడిచాడు. డ్రైవరు సరిపడలేదు. "అయ్యయ్యో, చిలక మాదిరి అయిపోయినాడే!" అని అవ్వ నోరు నొక్కుకుంది. అత్త ఫక్కున నవ్వింది. మామ పోయినాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు, గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అన్నం కూడా ముట్టకుండా మధ్యాహ్నమంతా ఆ డ్రైవరు తీసి ఈ డ్రైవరు, ఈ డ్రైవరు తీసి ఇంకో డ్రైవరు వేస్తూ కూర్చున్నాను.

సాయంత్రానికి కుదిరింది. మామ తన సొంత రంగులో, తన సొంత వేగంతో గట్టు మీద టకటకా నడిచొచ్చాడు. పెదాలకూ మాటకూ వెంట్రుకంత తేడా లేదు. "చాలప్పా, ఎంతసేపు తీస్తావు? పోదాం రా" అంటూ నవ్వి, కెమెరా పక్కనుంచి దాటిపోయాడు. తెర నల్లబడింది.

"ఎట్లుంది అత్తా?" అని మెప్పుకోసం వెనక్కి తిరిగాను. అత్త చెంపలమీద నీళ్లు కారిపోతున్నాయి.

"ఇంతేనా?"

"ఇంతే అత్తా. వీడియో ఉండేదే ఇంత."

"ఆ పొద్దు శానాసేపు ఉండినాడే?"

"అప్పుడు కంప్యూటరుకు చేతకాక ఆగి ఆగి వచ్చింది. ఇదే సరైనది."

"సరైనది నాకెందుకప్పా? ఆయన ఇంట్లో కూడా ఇట్లనే బిరీన పోయినాడు. నీళ్లు తెస్తానని నేను లోపలికి పోయి వచ్చేలోపల పోయినాడు. ఇందులో కూడా అట్లనే పోవాల్నా? ముందు మాదిరే పెట్టప్పా. నిదానంగా పోనీ ఆయన్ని."

నేను సెట్టింగుల్లోకి పోయి హార్డ్‌వేర్ డీకోడింగ్ తీసేసి, మళ్లీ మొదలుపెట్టాను. మాట వచ్చి ముగిసింది. మామ కాలెత్తి నిలబడ్డాడు. అత్త స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఈసారి అవ్వ కూడా ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

ఇప్పుడు బెంగళూరులో నాది వీడియోలు ఎక్కడా ఆగకుండా ఆడేటట్టు చూసే ఉద్యోగం. జీతం బాగానే ఇస్తారు, గడ్డం బాగానే నెరిసింది. ఎవరైనా ఫోన్ చేసి, "సార్, వీడియో ఆగి ఆగి వస్తోంది, తొందరగా చూడండి" అంటే, "అందులో ఉండేది ఎవరండీ?" అనే మాట నోటిదాకా వస్తుంది. అడిగితే పిచ్చివాడనుకుంటారని ఊరుకుని, నాలో నేనే కాస్త నవ్వుకుని, సరిచేసి పెడతాను.