ముందు వరుసలో చెయ్యెత్తిన ఆమె

సంఘ పత్రిక చదివే సహోదరీ సహోదరులందరికీ ప్రభువు నామమున వందనాలు.

భార్య శవపెట్టె ముందు నిలబడి ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా గంటసేపు సాక్ష్యం చెప్పిన మగవాడు ఈ బెజవాడ మొత్తం మీద నేనొక్కడినే! మా కరుణమ్మను సాగనంపిన రోజున భవానీపురంలో మా సందు చాలక జనం మెయిన్ రోడ్డు దాకా నిలబడ్డారు, నేను మైకు అందుకుని "ఈ ఇంట్లో ఎవరూ ఏడవకూడదు, మా ఆవిడ మహిమలో ఉంది" అని గర్జిస్తే ట్రాఫిక్ ఆపడానికొచ్చిన పోలీసాయన కూడా టోపీ తీసి చేతులు జోడించాడు!

నాకు మైకుసెట్ల షాపు ఉండేది. పెళ్ళిళ్ళకీ సభలకీ షామియానాలు, సౌండు బాక్సులు అద్దెకిచ్చేవాడిని. మైకు చేతిలో పడితే నన్ను దించడం ఎవరి వల్లా కాదని సంఘమంతటికీ తెలుసు. ఆ రోజు నుంచి ఎవరింట్లో చావు జరిగినా, ఆ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకు నన్నే పిలిచేవారు. ఉయ్యూరు, కంకిపాడు, గుడివాడ ఎక్కడికైనా వెళ్ళేవాడిని, నా భార్య పోతే నేను ఏడవలేదు, మీరూ ఏడవకండి అని చెప్పేవాడిని, చెప్పినప్పుడల్లా జనం కాస్త పెరిగేవారు, పోలీసాయన హోదా కూడా పెరిగేది, వాళ్ళు కళ్ళు తుడుచుకుని నాకు భోజనం వడ్డించేవారు.

ఇంటికొచ్చాక మాత్రం, సహోదరులారా, నేను మనిషిని కాను. కంచం ముందు కూర్చుని ముట్టకుండా లేచిపోయేవాడిని. ఆవిడ పెట్టిన మాగాయ జాడీకి బూజు పట్టినా తీసి పారేయలేకపోయాను. మోకాళ్ళూని "ప్రభువా" అంటే ఆ తర్వాత రెండో మాట వచ్చేది కాదు, ఇంత వాగుడుకాయకి! పొద్దున్నే కృష్ణ ఒడ్డుకెళ్ళి నీళ్ళు చూస్తూ కూర్చునేవాడిని, ఇంక నన్ను కూడా తీసుకుపోతే బాగుండునని ఆ నీళ్ళతోనే అనేవాడిని. విశ్వాసి అనిపించుకున్నవాడికి అటువంటి కోరిక రావడం కంటే పెద్ద చీకటి ఉంటుందా? ఎవరితో చెప్పుకోను? ఆదరణ చెప్పే మనిషిని ఆదరించేదెవరు?

మా అమ్మాయి శాంతి మంగళగిరిలో చేనేత చీరల కొట్టులో పనిచేస్తుంది. వాళ్ళమ్మ పెట్టె మీద పడి అది ఏడుస్తుంటే నేను రెక్క పట్టుకుని లేపాను. అప్పటి నుంచి ఆదివారం వచ్చి వంట చేసి వెళ్ళేది గాని, "తిన్నావా" తప్ప నాతో మరో మాట లేదు. ఒక ఆదివారం నేను ముట్టని కంచం చూసి కొంగు దోపుకుని నిలబడింది.

"ఆటో కింద ఉంది. మనసు బాధలు వినే ఒకావిడ దగ్గరికి వెళ్తున్నాం, పద."

"నాకేమన్నా పిచ్చా?"

"పిచ్చయితే గొడవే లేదు నాన్నా, మాత్రలిస్తారు. ఎక్కు."

బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ కొట్టు పైన ఒక గది. కౌన్సెలింగ్ చేసే సుధ గారు అక్కడుంటారు. బల్ల మీద తడి బంకమట్టి, రంగులు, నేల మీద పాత పేపర్లు. నేను కూర్చోగానే నా సాక్ష్యం మొదలుపెట్టాను, పోలీసాయన దాకా వచ్చేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీకు మాట బాగా వచ్చు బాబాయిగారూ, అదే మన ఇబ్బంది. మనసులో మనకి తెలిసిన గది పైనది ఒక్కటే. కింద ఇంకా గదులుంటాయి. అక్కడున్నది మాటగా రాదు, కలగా వస్తుంది, లేకపోతే చేతుల్లోకి వస్తుంది. మీరేమో గుమ్మంలో మాటలు పేర్చుకుని కూర్చున్నారు. ఇక్కడ చేతులతో చెప్పండి."

"మేం క్రైస్తవులమమ్మా. మట్టితో బొమ్మ చేస్తే విగ్రహం అవుతుంది."

సంఘ పెద్ద ఒకాయన కూడా నాతో అదే అన్నాడని చెప్పాను. అది అబద్ధం, ఆయన్ని నేనసలు అడగనేలేదు.

"ఆదామును దేవుడు దేనితో చేశాడండీ?" అంది ఆవిడ. మా శాంతి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

అయినా లొంగలేదు. వెళ్ళినప్పుడల్లా మట్టిని గోలీలు చేసి వచ్చేవాడిని. ఒకసారి మైకు బొమ్మ చేశాను, ఆవిడ నవ్వలేదు. కలలేమన్నా వస్తున్నాయా అని అడిగితే రావనేవాడిని. కాని ఒక కల వదలకుండా వస్తూనే ఉంది. షామియానా కింద ఆదరణ కూడిక, నేను మాట్లాడుతున్నాను, ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కరుణమ్మ బళ్ళో పిల్లలా చెయ్యెత్తి కూర్చుని ఉంది. నేను చూస్తూనే ఉన్నాను, మైకు మాత్రం ఇవ్వడం లేదు.

చివరికొక రోజు, శాంతి పక్కనుండగానే, ఆ కల చెప్పేశాను. సుధ గారు దానికి అర్థం చెప్పలేదు. "ఆమెను చేయండి" అంది, అంతే. చేశాను. కుర్చీ వచ్చింది, ఒళ్ళు వచ్చింది, ఎత్తిన చెయ్యి మాత్రం నిలవడం లేదు, ఎన్నిసార్లు అతికించినా తడి మట్టి కదా, ఊడి ఒళ్ళో పడుతోంది. పుల్ల గుచ్చబోతే సుధ గారు వద్దంది.

"పడిపోనివ్వండి. ఆమె ఏం చెప్పాలని చెయ్యెత్తిందో, మీరే ఆమెగా చెప్పండి."

నా నోటి వెంట వచ్చిన మాట ఇది: "ఏవండీ, నాకు భయంగా ఉంది."

సహోదరులారా, అది కల్పించిన మాట కాదు. ఆసుపత్రి మంచం మీద కరుణమ్మ నాతో అన్న మాట. అన్నప్పుడల్లా నేను "విశ్వాసులం, అలా అనకూడదు" అని పాట ఎత్తుకునేవాడిని. కొన్నాళ్ళకు అనడం మానేసింది. ధైర్యం వచ్చిందనుకున్నాను. నాకు చెప్పడం మానేసింది, అంతే.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. పోలీసాయన లేడు. జనం మా సందు చివరిదాకా కూడా లేరు. గంటసేపు మాట్లాడలేదు, రెండు మాటలకే పాట అందుకోమని సైగ చేసి కూర్చున్నాను. కన్నీళ్ళు రానిది విశ్వాసం వల్ల కాదు, ఆవిడ భయాన్ని విననివాడికి ఏడ్చే మొహం ఎక్కడిది?

ఆ గదిలోనే, చేతులకి మట్టితోనే ప్రార్థన చేశాను. "ప్రభువా, ఆమె భయపడింది. నేను నోరు మూయించాను. నువ్వయినా విన్నావా? విన్నానని చెప్పవయ్యా." జవాబు రాలేదు. కాని "ప్రభువా" తర్వాత రెండో మాట వచ్చింది చూశారా, దేవునికే మహిమ! అప్పుడు నేను కృష్ణకు వరదొచ్చినట్టు ఏడ్చాను, నా బిడ్డ నన్ను పట్టుకుంది, గుండె మీద బండ దొర్లిపోయింది, పూర్తి విడుదల!

మీ ఇంట్లో భయపడేవారుంటే, పాట తర్వాత పాడుకోవచ్చు, ముందు వినండి. మీకే భయమైతే ఆయన దగ్గర దాన్ని భయంగానే చెప్పండి, సాక్ష్యంగా దిద్దకండి. స్నేహితుని సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న ప్రభువు ఆయన, మనల్ని తోసివేయడు. ఆయన్ని నమ్ముకుని రండి.

పత్రికకు పంపేముందు దీన్ని శాంతి చేత చదివించాను. మొత్తం చదివి, చివరి కాగితం నా ముందు పెట్టి అంది:

"సుధ గారి గదిలో ఆ రోజు ఏడ్చింది నేను నాన్నా. నువ్వు కాదు. నువ్వు పక్కన కూర్చున్నావు, నన్ను ఊరుకోమనలేదు, అంతే. నీకింకా ఏడుపు రాలేదు. ఆ వరద కొట్టేసి ఇది రాయి."