బుకెన్యా పేరు మీద మందులు

నామ్యాలో అనే ఆమెకి మూడోసారి నెల తప్పింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మొదటి బిడ్డ కడుపులోనే కదలిక మాని, చనిపోయి పుట్టాడు. రెండోది ఆడపిల్ల. పుట్టిన సాయంత్రం దాకా మూలిగి, ఆగిపోయింది. ఇద్దరినీ ఇంటి వెనక అరటి మొక్కల మధ్యే పూడ్చారు. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసెండా రేవులో, వేలెడంత కూడా ఉండని ముకెనె చేపల్ని వలల మీద పరిచి ఎండబెట్టడం ఆమె పని. చేపలు తిరగేస్తూ, ఎవరూ చూడనప్పుడు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "నువ్వైనా ఉండవే, తల్లీ" అని బతిమాలుకునేది.

రెండో బిడ్డ పోయినప్పుడు రేవు ఆసుపత్రిలో రక్తం తీసి సిఫిలిస్ అని తేల్చారు. నర్సు నల్వోగా సూది వేసి, "నీకొక్కదానికే వేస్తే చాలదమ్మా, మీ ఆయన కూడా రావాలి. లేకపోతే నీకు తగ్గడం, ఆయన మళ్ళీ అంటించడం, ఇదే వరస" అంది.

మొగుడు బుకెన్యాకి సొంత పడవ ఉంది. చేపల వెంట దీవులన్నీ తిరుగుతాడు. దీవికొక ఆడది ఉందని రేవంతా నవ్వుకుంటుంది. నామ్యాలో అన్నం పళ్ళెం ముందు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చునే ఆ మాట చెప్పింది.

"నా ఒంటి మీద ఒక్క పుండు చూపించు," అన్నాడతను. "లేదు కదా? మరి జబ్బెక్కడిది? తెచ్చుకున్నదానివి నువ్వు. నువ్వే పోయి పొడిపించుకో."

ఇప్పుడు మళ్ళీ కడుపు. ఆసుపత్రికి ఒంటరిగా వెళితే నల్వోగా ముఖం చిట్లించింది. మందు కొద్దిగానే వచ్చిందట, జంటగా వచ్చినవాళ్ళకే ఇవ్వమన్నారట.

"సిస్టర్, ఆయన రాడు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అందరూ అదే చెబుతారు. తీసుకురా, ఇద్దరికీ ఒకేసారి వేస్తా."

ఆ రాత్రీ మరుసటి రాత్రీ అడిగింది. రెండోసారి అడిగినందుకు చెంప పగిలింది. మూడోసారి అడగలేదు.

రేవు కూడలిలో బోడా బండి, అంటే అద్దె మోటారుసైకిల్, తోలే లుతాయా ఉన్నాడు. పెళ్ళి కాలేదు, నోరు ఊరుకోదు. ఎవరితోనైనా వరస కలుపుకుంటాడు. నామ్యాలో అతన్ని పక్కకు పిలిచి, తల వంచుకుని చెప్పింది. అతను పగలబడి నవ్వాడు.

"నేనా? మొగుడినా? వదినా, ఇన్నాళ్ళకి నా అందం నీ కంటపడిందన్నమాట!"

"నవ్వకు. నా బిడ్డ చచ్చిపోతుంది."

అతని నవ్వు ఆగిపోయింది. "సరే, ఎక్కు. కానీ నాకూ సూది పొడుస్తారా? నాకు సూదంటే భయం."

గదిలో నల్వోగా ఎదురుగా ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. పేరడిగితే లుతాయా ఛాతీ విరిచి "బుకెన్యా" అన్నాడు. పెళ్ళాన్ని బాగా చూసుకుంటున్నావా అని అడిగితే, "వంట కాస్త ఉప్పగా చేస్తుంది, అయినా సర్దుకుంటున్నా" అన్నాడు. నామ్యాలోకి చాలాకాలం తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరి వేళ్ళ నుంచీ రక్తం తీశారు. జంటగా వచ్చినవాళ్ళకు అన్ని పరీక్షలూ చేస్తారు, ఫలితాలు కలిపే చెబుతారు.

నల్వోగా తిరిగొచ్చి కుర్చీ దగ్గరకు లాక్కుంది. గొంతు మారింది.

"నామ్యాలో, నీకు సిఫిలిస్ మళ్ళీ ఉంది, ఇవాళే సూది వేస్తాను. హెచ్ఐవి లేదు. బుకెన్యా, నీకు హెచ్ఐవి ఉంది. భయపడకండి, ఇద్దరూ కలిసే ఉండొచ్చు. మందు వేసుకుంటే ఆమెకూ రాదు, బిడ్డకూ రాదు."

లుతాయా వెనక్కి తిరిగి చూశాడు, బుకెన్యా ఎవరో అక్కడ నిలబడి ఉన్నట్టు. నర్సు నామ్యాలో చేతిని తీసి అతని చేతిలో పెట్టింది. "మీ ఆయన్ని వదిలెయ్యకమ్మా" అంది.

ఇద్దరికీ సూదులు వేశారు. మాత్రల సీసా అతని చేతికిచ్చారు. దారిలో చెరుకు తోటల దగ్గర లుతాయా బండి ఆపి, సీసాని లోపలికి విసిరేశాడు.

"ఏంటిది లుతాయా! నీ ప్రాణం అది!"

"బుకెన్యాది కదా! వాడి పేరు మీద ఇచ్చారు, వాడినే మింగమను." ఏడుస్తున్నాడు. "నేను బాగానే ఉన్నా వదినా. నిన్నటిదాకా బాగానే ఉన్నా. నన్నెందుకు తీసుకెళ్ళావు?"

ఆమె తోటలోకి దిగి చాలాసేపు వెతికింది. సీసా దొరకలేదు. వెనక్కి వచ్చేసరికి అతనూ లేడు. ఆ వారమే బండి అమ్మేసి దీవులకు వెళ్ళిపోయాడని కూడలిలో అన్నారు.

బుకెన్యా మాత్రం ఇంటికొచ్చినప్పుడల్లా మంచం మీదికి పిలిచాడు. కాదంటే దెబ్బలు. వేసుకున్న సూది వృథా అవుతోందని ఆమెకు తెలుసు. గోడ వైపు తిరిగి, కడుపు రెండు చేతులతో పట్టుకుని పడుకునేది.

బుకెన్యా అని రాసుకున్న మనిషి మళ్ళీ మందులకు రాలేదని నల్వోగా ఒకరోజు రేవుకు వచ్చింది. ఏ జబ్బో చెప్పలేదు. "బుకెన్యా ఇల్లెక్కడ?" అని మాత్రమే అడిగింది. కానీ ఆమె హెచ్ఐవి మందులిచ్చే గదిలో పనిచేస్తుందని వలలు అల్లేవాళ్ళకూ తెలుసు. సాయంత్రానికల్లా బుకెన్యా పడవలో ఎక్కడానికి కూలీలు వెనకాడారు. సారా కొట్టులో అతని గ్లాసు విడిగా పెట్టారు.

అతను తలుపు తన్నుకుని వచ్చాడు. "నా పేరు చెప్పి ఎవడితో పోయావే?"

నామ్యాలో దాచలేదు. "నువ్వు రాలేదు. అందుకే మొగుణ్ణి అద్దెకు తెచ్చుకున్నాను."

కడుపు మీద దెబ్బ తగలకుండా ముడుచుకుంది. వీపంతా కమిలింది. తెల్లారి అతను తన పేరుకి అంటిన మచ్చ కడుక్కోవడానికి తనంతట తానే ఆసుపత్రికి పోయి, అందరి ముందూ చెయ్యి చాచి, "తియ్యండి రక్తం!" అని అరిచాడు. హెచ్ఐవి లేదు. సిఫిలిస్ ఉంది. సూది వేయించుకుని, మొదటి మాట మాత్రం రేవంతా చాటుకుంటూ వచ్చాడు. రెండోదాని ఊసెత్తలేదు. వస్తూనే ఆమె బట్టలు బయటికి విసిరాడు.

ఆ బట్టల మూటతోనే ఆమె నల్వోగా ముందు నిలబడింది. జరిగిందంతా చెప్పింది. అద్దె మొగుడు ఎవరో, అతని అసలు పేరేమిటో, సీసా ఏమైందో చెప్పింది. నర్సుకి కోపమొచ్చింది. "నాతో ఆటలాడారా? ఒక మనిషి ప్రాణంతో..." అని ఆగిపోయింది. ఆమె కమిలిన వీపు చూసింది. ఆ రోజు ఎవరినీ తీసుకురమ్మనలేదు. సూది వేసింది, తర్వాతి వారం వేసింది, ఆ పై వారం కూడా. తన ఇంటి వెనక గదిలో పడుకోనిచ్చింది.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. పిడికెడంత తల, అరికాళ్ళ నిండా పొక్కులు. చిన్న నరానికి సూది గుచ్చినప్పుడల్లా నామ్యాలో తలుపు అవతల కూర్చుని చెవులు మూసుకునేది. ఏడుపు వినిపిస్తే వేళ్ళు తీసేది, వినిపించకపోతే లేచి పరుగెత్తేది. బిడ్డ బతికింది.

లుతాయా కోసం దీవులకు పోయే ప్రతి పడవతోనూ కబురు పంపింది. "మందులు నీ పేరు మీదే ఇస్తారట. నేను అన్నీ చెప్పేశాను." బదులు రాలేదు. వానలు ముగిశాక ఒక చేపల పడవ అతన్ని గోనె మీద పడుకోబెట్టి తెచ్చింది. దగ్గు, జ్వరం. చెంపలు లోపలికి పోయి, నోట్లో తెల్ల పూత. నామ్యాలో గుర్తుపట్టలేదు. అతనే పిలిచాడు.

"వదినా... ఉప్పు తక్కువ వేసి ఏమైనా వండిపెడతావా?"

ఆమె గట్టిగా ఏడ్చింది. ఆసుపత్రిలో రోగికి తిండి తెచ్చే మనిషి ఉంటేనే చేర్చుకుంటారు. "ఈయనకి నువ్వేమవుతావు?" అని కొత్త గుమాస్తా అడిగాడు.

"ఏమీ కాను. తిండి నేనే తెస్తాను."

గొంతు పూసి, మొదట్లో ఏదీ మింగలేకపోయాడు. ఆమె బిడ్డను వీపున కట్టుకుని మొక్కజొన్న గంజి చెంచాతో పోసేది, సగం పక్కకు కారేది. ఊపిరితిత్తులకు ఒక మందు, తర్వాత కొన్నాళ్ళకు హెచ్ఐవికి మరో మందు. తన పేరు పిలిచి మాత్రలు ఇచ్చిన రోజు లుతాయా వాటిని చాలాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు తీసుకెళ్ళకపోతే తెలిసేదే కాదు," అన్నాడు. అది నిష్ఠూరమో కృతజ్ఞతో నామ్యాలోకి అర్థం కాలేదు. నీళ్ళ గ్లాసు అందించింది. అతను మింగాడు.