గాలిమోటారు దిగిన చోడిచేను

రాగులు పండే మా చోడిచేనును కాఫీతోట తెల్లదొర చదును చేయించి, విమానాల మైదానమన్నాడు. అక్కడ ఒకే ఒక్కసారి గాలిమోటారు దిగింది. అందులోంచి ఇద్దరు దొరలు దిగి, టీ తాగి, మళ్లీ ఎగిరిపోయారు. ఆ తర్వాత మన్యంలో అలజడి రేగడంతో పటాలం వచ్చి మైదానాన్ని లాక్కుంది. ఇక యుద్ధ విమానాలు దిగుతాయని దండోరా వేయించారు. అవి మా ఇంటిమీద పడకూడదని అమ్మమ్మ కొండదేవతకు కోడిని కోసింది. తీరా దిగినవి కంచరగాడిదలు! వాటి లద్దెతో మైదానం నిండిపోయింది. ఆ లద్దెకు రాత్రింబవళ్లు తుపాకుల కాపలా. మా చేలో మేం అడుగుపెడితే మాత్రం నేరం.

పటాలం వెళ్లిపోయిన ఏడాది అక్కడ మేం మళ్లీ వేసిన చోడి నా తలదాటి పెరిగింది. కంకులు కోస్తూ అమ్మమ్మ తేల్చేసింది.

"దొరలు దిగారు, పటాలం దిగింది. మన సేనికి పనికొచ్చినయి గాడిదలేనే గుంటా!"