మార్తమ్మ పొలంలో రెండో సగం

మొన్న నాట్ల కాలంలో సిరిసిల్లలో అమ్మను చూసి కోరుట్ల మీదుగా జగిత్యాలకు తిరిగి వస్తున్నాను. వేములవాడలో ఎక్కిన యాత్రికులతో బస్సు కిక్కిరిసిపోయింది. కోరుట్ల ఇంకా కొంత దూరం ఉందనగా కిటికీలోంచి ఘాటైన వాసన గుప్పుమంది. నా పక్కన కూర్చున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఏదో చచ్చినట్టుంది, అద్దం మూయమంది. ఏదీ చావలేదు, అది జీలుగ అని చెప్పాను. నాట్లకు ముందు జీలుగ చల్లి, నడుమెత్తు పెరిగాక బురదలో కలియదున్నితే, అది నీళ్లలో మురిగేటప్పుడు వచ్చే వాసన అదేనని, పొలానికి అంతకంటే మంచి తిండి లేదని కూడా చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి అటు తిరిగి కూర్చుంది. అద్దం మూశాను గానీ, సందులోంచి వస్తున్న ఆ గాలినే కోరుట్ల దాకా పీలుస్తూ కూర్చున్నాను. ఆ వాసనను ఇష్టపడటం నాకు నేర్పింది మల్లాపూర్ మండలంలోని ఒక చిన్న ఊళ్లో ఉండే మార్తమ్మ. ఆమె పోయి రెండేళ్లవుతోంది.

మాది మరమగ్గాల ఇల్లు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగాను కాబట్టి ఇప్పటికీ గట్టిగా మాట్లాడతాను. మా ఇంట్లో ఎవరికీ పొలం లేదు, వరి ఏ నెలలో కోస్తారో కూడా తెలియదు. అలాంటిది, డిగ్రీ కాగానే మట్టి పరీక్షల ప్రాజెక్టులో జగిత్యాలలో ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో నెలజీతం మీద పనిచేసిన మొదటి మనిషిని నేనే. నాన్న నేనేదో పెద్ద సైంటిస్టునైనట్టు వాడంతా చెప్పుకున్నాడు. నిజానికి నా పని ఊళ్లు తిరిగి, మట్టిని సంచుల్లో పట్టి, ల్యాబుకు మోసుకురావడం. చిన్న రైతుల పొలాల్లో గడ్డిని కాల్చకుండా దున్నేస్తే మట్టిలో కర్బనం పెరుగుతుందా, నేల తడి ఎక్కువ రోజులు పట్టి ఉంటుందా, వానలు మొహం చాటేసిన ఏడాది పంట నిలబడుతుందా అన్నది మూడేళ్లపాటు చూడటం మా ప్రాజెక్టు. ఉద్యోగం మాత్రం ఏటికేడు పొడిగించేది. సంతకం పెట్టేది మా పెద్దసారు.

మొదటిసారి మార్తమ్మ పొలానికి వెళ్లినప్పుడు చెప్పులు విప్పడానికి కూడా మనసొప్పలేదు. పొలం ఒడ్డు మీద నిలబడే చేయి చాపి, అందినచోట మట్టి తీసి సంచిలో వేశాను. కొంచెం దూరంలో కలుపు తీస్తున్న మనిషి లేచి, కొడవలి నడుముకు దోపుకుని నా దగ్గరికి వచ్చింది. యాభై దాటిన వయసు, చిన్న మనిషి, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. సంచిలోకి తొంగిచూసి, నవ్వకుండా అంది: "ఒడ్డు పొంటి తీస్తే ఒడ్డు ముచ్చటనే చెప్తది బిడ్డా. పొలం ముచ్చట గావాల్నంటె నడుమిట్లకు దిగాలె."

మా ట్రైనింగులో కూడా ఇదే చెప్పారు. ఒడ్డు దగ్గర, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు, పొలమంతా వంకరటింకరగా నడుస్తూ పది పన్నెండు చోట్ల తీసి కలపాలి. కాగితం మీద రాసుకున్నాను కూడా. చెప్పులు విప్పడం ఒక్కటే ఎక్కడా రాసి లేదు. ఆ రోజు ఆమె ముందు నడిచింది, నేను వెనకాల. ఎక్కడ మట్టి గట్టిపడిందో, ఎక్కడ నీళ్లు నిలబడతాయో అరికాలితోనే చెబుతూ పోయింది. మధ్యాహ్నం తన సద్దిలోంచి సగం గట్క, పచ్చిపులుసు నాకు పెట్టింది. నేను సర్వపిండి తెచ్చుకున్నానంటే, అది కూడా లాక్కుని తింది.

ఆమెకు ఉన్నది ఒక్క ఎకరం. పెళ్లి కాకముందు తల్లితో, అయ్యాక అత్తతో ఇతరుల పొలాల్లో కూలికి పోయిన మనిషి. నలభై దాటాక ఈ ఎకరం చేతికొచ్చింది. ఎవరూ దున్నని మొరం నేల. రాళ్లేరి, చెరువు మట్టి తట్టలతో మోసి, దాన్ని పొలం చేసింది మొగుడూ పెళ్లాలిద్దరే. పట్టాదారు పుస్తకం మార్తమ్మ పేరు మీదే ఉండేది. ఆమెకు చదువు రాదు. కానీ తన పేరు ఎన్ని అక్షరాలో, ఎట్లా ఉంటుందో చూసి గుర్తుపట్టేది. నేను సంచుల మీద పేరు రాస్తుంటే పక్కన కూర్చుని, వంకర రాశావనో, ఒక గీత తగ్గిందనో పేచీ పెట్టేది.

కర్బనమంటే ఏమిటో చెప్పమని ఒకసారి అడిగింది. నేను చాలా పెద్ద క్లాసు తీసుకున్నాను. గాలి, ఆకు, వేరు, సూక్ష్మజీవులు అన్నీ అయ్యేసరికి ఆమె చెంబెడు నీళ్లు తాగి, "అంటె గడ్డి కాలవెడితె మీదికి పోయేది, దున్నితె కిందికి పోయేది గదేనా?" అని అడిగింది. పావుగంట చెప్పి నేను అనలేకపోయిన ముక్క అదే. ఇప్పుడు రైతుల మీటింగుల్లో ఆ వాక్యమే వాడుకుంటాను, నాదే అయినట్టు.

ఆ ఎకరాన్ని ప్రాజెక్టు కోసం రెండుగా పంచాం. తూర్పు సగంలో గడ్డి, కోశాక మిగిలిన కొయ్యలు దున్నెయ్యాలి, జీలుగ వెయ్యాలి. పడమటి సగంలో ఊరంతా చేసేట్టే గడ్డి కాల్చాలి, పెంట గానీ పచ్చిరొట్ట గానీ తగలకూడదు. రెంటికీ తేడా కనిపిస్తేనే ఊరు నమ్ముతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె మొహం చిన్నబోయింది. సగం పొలాన్ని కావాలని ఎండగట్టమంటారా అని అడిగింది. పరీక్ష అంటే అంతే పెద్దమ్మా అన్నాను. సరే అంది. ఆ సరే ఎట్లాంటిదో గమనించేంత వయసు అప్పుడు నాకు లేదు.

మూడేళ్లు అట్లా గడిచాయి. ఇప్పుడు తలుచుకుంటే నా ఉద్యోగ జీవితంలో అంత హాయైన రోజులు మళ్లీ రాలేదు. జగిత్యాలలో పొద్దున్నే బస్సెక్కి, కోరుట్లలో మారి, ఆటోలో ఊరికి చేరేసరికి ఆమె ఒడ్డు మీద ఎదురుచూస్తూ ఉండేది. తూర్పు సగంలో పిడికెడు మట్టి తవ్వి, అందులో ఎర్రలు, అదే వానపాములు, కదులుతుంటే అరచేతిలో పెట్టి చూపించేది. సిరిసిల్ల నుంచి నేను తెచ్చిచ్చిన తువ్వాల తలకు చుట్టుకుని, మా బిడ్డ మగ్గం గుడ్డ అని ఊరందరికీ చెప్పేది.

మూడో ఏడు వానాకాలం ముందు చివరిసారి మట్టి తెచ్చి పరీక్ష చేశాం. మట్టిలో కర్బనం ఎంత ఎక్కువుంటే నారింజ రంగు మందు అంత ఆకుపచ్చకు తిరుగుతుంది. మిగతా రైతుల పొలాల్లో తేడా అంతంతమాత్రం, మార్తమ్మ పొలంలోనైతే రెండు సగాలూ ఒకే పచ్చకు తిరిగాయి. మళ్లీ చేశాను. మూడోసారీ చేశాను. పెద్దసారు లెక్కలు చూసి, సంచులు తారుమారు చేశావు, అన్నారు. చేయలేదన్నాను. అయితే గడ్డి దున్నినా ఉపయోగం లేదని రాయాల్సి వస్తుంది, దానికి ముందు వారంలోగా కొత్త మట్టి తీసుకురా, ఈసారి కూడా ఇట్లాగే ఉంటే నీ పేరు వచ్చే ఏడాదికి రాయలేను, అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ రోజంతా నాన్న వాడలో ఎవరెవరికి ఏమేం చెప్పుకున్నాడో అదే కళ్ల ముందు తిరిగింది.

మర్నాడు పొలానికి వెళ్లి మార్తమ్మను ఒక్కటే అడిగాను, పడమటి సగంలో ఏమైనా వేశావా అని. ఆమె దాచలేదు.

"మంద వెట్టిచ్చిన బిడ్డా. ఏటేటా, యాసంగి కోతలైనంక."

గొర్లకాపరులు ఎండాకాలం మందను పొలంలో కొన్నాళ్లు ఆపితే, ఆ పెంటికలతో నేల బలుస్తుంది. ఈ ప్రాంతంలో పాత పద్ధతే. ఆ కోతలయ్యాక నేను ప్రతి ఏడూ దుక్కి అయ్యాకే వచ్చేదాన్ని, ఒక్క పెంటిక కూడా కంటపడేది కాదు. వద్దన్నాను గదా పెద్దమ్మా అన్నాను.

"ఉన్నదే ఎకరం. సగానికి తిండివెట్టి సగాన్ని ఎండవెట్టుమంటె నాతోని గాలె. పొద్దుగాల లేస్తె రెండు దిక్కులా నేనే నడవాలె గదా" అంది.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. పక్క పొలం ఒకాయనది, ఏటా కాల్చే పొలం, మంద ఎరగని పొలం. ఒడ్డు దాటి అందులో దిగి, పద్ధతి ప్రకారం వంకరటింకరగా నడిచి, పన్నెండు చోట్ల మట్టి తీసి సంచి నింపాను. సంచి మీద మార్తమ్మ పేరు జగిత్యాలలోనే రాసి పెట్టుకొచ్చాను. లెక్క కుదురుతుంది, ప్రాజెక్టు నిలబడుతుంది, నా ఉద్యోగమూ నిలబడుతుంది, నిజానికి గడ్డి దున్నితే లాభమే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. వెనక్కి తిరిగేసరికి ఆమె ఒడ్డు మీద నిలబడి ఉంది. సంచి మీది అక్షరాల వైపు వేలు పెట్టి, అది తన పేరే కదా అని అడిగింది. అవునన్నాను. మట్టి ఎవరిదని అడిగింది. పక్కాయనదని చెప్పాను.

"మా అవ్వ, మా అత్త పానం పోయేదాక వేరేటోళ్ల మట్టిలనే పనిజేసిండ్రు. నా పేరు మీద నా మట్టే ఉండనీ బిడ్డా, మంచిదో చెడ్డదో" అంది.

సంచి మూతి విప్పి, ఆ మట్టిని పక్కాయన పొలంలోనే పోసి, ఖాళీ సంచిని మడత పెట్టి నా చేతికిచ్చి, సారు ఏమన్నారో అడిగి చెప్పించుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పదకొండింటికి మా ఆఫీసు గుమ్మంలో మార్తమ్మ కనిపించింది, తలకు తువ్వాల లేకుండా, ఇస్త్రీ చీరలో. పెద్దసారు ముందు నిలబడి, తప్పు పొలానిది కాదని, మందుది కాదని, తనదేనని, మంద సంగతి మొత్తం చెప్పింది. అందరి ముందూ చెప్పింది. ఆదర్శరైతు అని ఊళ్లో అంతా పిలిచే మనిషి ఆమె. మూడేళ్లు పోయాయి కదమ్మా అన్నారు సారు.

"మీకు మూడేండ్లు వోయినయ్ సారూ. నా పొలం యాడికి వోలె, గాడనే ఉన్నది. మల్ల మొదలువెట్టుండ్రి" అంది మార్తమ్మ.

సారు నవ్వేశారు. ఆమెకు కుర్చీ వేయించి టీ తెప్పించారు. తర్వాత మిగతా రైతులను అడిగితే, ఒకాయన చెరువు మట్టి పోశాడని, ఒకామె పెరటి పెంట చల్లిందని, ఇట్లా ఒక్కొక్కటే బయటపడింది. ఎకరం రెండెకరాల వాళ్లకు సగం పొలాన్ని ఎండగట్టమని చెప్పడమే మన తప్పు అన్నారు సారు. ఆ ఏటి నుంచి కాల్చే ముక్కను మా ఆఫీసు నేలలోనే పెట్టుకున్నాం, రైతుల దగ్గర పొలమంతా దున్నించాం. ఆ తర్వాత వానలు వెనకబడిన ఒక ఏడు మార్తమ్మ పొలం పక్క పొలాల కంటే ఆలస్యంగా బీటలిచ్చింది. దాన్ని చూసే చుట్టుపక్కల కొందరు అగ్గిపెట్టె పక్కన పెట్టారు.

ఆ రోజు సారు నన్ను కూడా మెచ్చుకున్నారు. రైతు దగ్గర కూర్చుని నిజం రాబట్టావు, అదే అసలు పని, అన్నారు. నా పేరు వచ్చే ఏడాదికి రాశారు. మార్తమ్మ పక్కనే కూర్చుని టీ ఊదుకుంటూ వింటోంది. సంచి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బస్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్లినప్పుడు, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నా తప్పు నేను చెప్పుకున్న. నీది చెప్పుడు నా పని గాదు" అంది, కోరుట్ల బస్సు ఎక్కుతూ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు. తర్వాత ఆమె ఇంటికి ఎన్నోసార్లు పోయాను, గట్క తిన్నాను, పేచీలు పడ్డాను. మళ్లీ ఒక్కసారి కూడా ఆ ఊసు ఎత్తలేదు ఆమె. ఇప్పుడు నా కింద కొత్త పిల్లలు పనిచేస్తున్నారు. అంకె కుదరక మొహం పాలిపోయి ఎవరైనా నా టేబులు ముందుకు వస్తే, ముందు కూర్చోమంటాను, ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పాకే లెక్క అడుగుతాను. పెద్దసారు రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నారు. రెండుసార్లు చెప్పాలనే వెళ్లాను. రెండుసార్లూ టీ తాగి, ఆయన పెంచిన మొక్కలు చూసి తిరిగొచ్చాను. మార్తమ్మ పోయాక సిగ్గు ఇంకా ఎక్కువైంది. ఆ రోజు ఆఫీసులో తప్పు ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. ఒప్పుకోవలసిన వాళ్లం ఇద్దరం.