ఇద్దత్ తీరిన మర్నాడు

జహీదా ఇంట్లో నడి గదికీ ముందు గదికీ మధ్య ఒక పాత దుప్పటి వేలాడుతోంది. దుప్పటికి అవతల సత్తార్ ట్రావెల్స్ ఆఫీసు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ మీద పాపికొండల మధ్య నుంచి వస్తున్న లాంచీ ఫోటో. ఇవతల చాప మీద జహీదా. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా, పరాయి మగవాళ్ల కంట పడకుండా ఉండాలి. దాన్ని ఇద్దత్ అంటారు. ఆమె భర్త అబ్దుల్ సత్తార్ రంజాన్ పండుగ వెళ్లిన రెండు వారాలకు, జీపు టైరు మారుస్తూ, స్పానర్ చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. ఆ రోజు నుంచి ఖమ్మం అంతా ఆమెకు దుప్పటి వెనక నుంచి వినపడడమే.

అది ఆమెకు పెద్ద బాధగా కూడా లేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు మన కాలు కానట్టు అయిపోతుంది. ఆమెకు మనిషంతా అట్లా అయింది. ఎవరైనా అన్నం పెడితే తిన్నది. పలకరించడానికి వచ్చినవాళ్లు ఏడిస్తే, వాళ్లకు టీ పెట్టి ఇచ్చింది. తోడుగా ఉండడానికి వచ్చిన సత్తార్ మేనత్త, సనోబర్ ఫుప్పీ, ఆమె ముఖంలోకి చూసి చూసి ఒకరోజు అడిగేసింది.

"దుల్హన్, నీకు కండ్లల్ల నీళ్లు అయిపోయినయా ఏంది?"

పెళ్లయి ఇరవై మూడేళ్లయినా ఆ ఇంట్లో కోడలిని దుల్హన్ అనే పిలుస్తారు. జహీదా ఆలోచించి, "ఏమో ఫుప్పీ, రాలే" అంది.

సత్తార్ సెల్‌ఫోన్ మాత్రం ఆగలేదు. ముసలామె నిద్ర చెడుతోందని ఐదోరోజు జహీదాయే ఎత్తింది. అవతల ఎవరో పాపికొండల సంగతి అడిగారు. ఆమె నోరు దానంతట అదే తెరుచుకుంది. పొద్దున్నే జీపు బయలుదేరుతుంది, వైరా, తల్లాడ, కొత్తగూడెం మీదుగా భద్రాచలం, అక్కణ్నుంచి కూనవరం దాటి పోచవరం రేవు, రేవులో లాంచీ, రాత్రికి ఇసుక మీద వెదురు గుడిసెలు, తెల్లారి కోయ మనిషి వెంట వాగు పట్టుకుని కొండెక్కడం. ఈ మధ్యే నేషనల్ పార్కు చేశారు కాబట్టి ప్లాస్టిక్ సంచులు తేవొద్దు, సీసాలు అసలే తేవొద్దు. మలుపు దగ్గర రెండు కొండలు దగ్గరికొచ్చినప్పుడు ఎంత వాగుడుకాయలైనా నోరు మూస్తారు, చూడండి.

అన్నీ సత్తార్ మాటలే. ఏళ్ల తరబడి ఆయన ముందు గదిలో కూర్చుని ఫోన్లో చెబుతుంటే, ఆమె వెనక గదిలో శుక్రవారం సాయంత్రాలు బగారా అన్నానికి ఉల్లిగడ్డలు కోస్తూ వినేది. యాత్రకు వచ్చే పార్టీకి వంట ఆమెదే. పొద్దున గుండిగలు జీపెక్కేవి. ఆమె ఎక్కలేదు. మధిరలో దర్జీ కూతురిగా పుట్టింది, ఖమ్మంలో కోడలిగా దిగింది, అంతే. "వచ్చే వారం పోదువు లే, ఈసారి సీట్లు నిండినయి" అనేవాడు సత్తార్. అబద్ధం కాదు. సీట్లు నిజంగానే నిండేవి.

ఫోన్ ఎత్తినంతసేపూ తర్వాత మాట ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది. పెట్టేశాక మళ్లీ ఏమీ తెలిసేది కాదు. అందుకని ఫోన్ ఎత్తడం మానలేదు. డ్రైవర్ లాలు మంచివాడు. దుప్పటికి అవతల కూర్చుని, "అమ్మా, గీ పార్టీకి ఏం చెప్పమంటరు" అని అడిగి, ఆమె చెప్పినట్టు చేసేవాడు. కానీ నాలుగు నెలల్లో దొరికిన పార్టీలు తక్కువ. లాంచీ వాళ్లు సత్తార్ మీద గౌరవం కొద్దీ ఫిబ్రవరి దాకా శనివారపు ట్రిప్పులు ఆయన పేరున ఉంచుతామన్నారు. ఈ నెలలో ఒక్క పెద్ద పార్టీ అయినా రాకపోతే ఆ శనివారాలు వేరే ట్రావెల్స్‌కు పోతాయి. శనివారాలు పోతే ఆఫీసు లేదు.

ఆఫీసు లేకపోతే ఏం చేయాలో సత్తార్ అన్న అజారుద్దీన్ ముందే చెప్పి ఉంచాడు. "ముందల రూము రీచార్జి షాపుకు కిరాయికిద్దాం. నువ్వు తల్లాడ రా. మా ఇంట్ల ఒక రూమున్నది. నీకేం తక్కువ చెయ్యం." మంచి మాటే. తక్కువ చేయరనీ ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఆమె ఎవరికీ ఏమీ చెప్పే పని ఉండదనీ తెలుసు.

అట్లాంటప్పుడు తిరుమలాయపాలెం చర్చి యూత్ వాళ్లు వచ్చారు. సెక్రటరీ జయరాజ్ దుప్పటికి అవతల లాలుతో కూర్చున్నాడు. అతని చెల్లెలు బ్లెస్సీ, బీఈడీ చదువుతున్న పిల్ల, చెప్పులు విడిచి లోపలికొచ్చి చాప మీద కూర్చుంది.

"ఆంటీ, మాకు ఉత్త బోటు షికారు వద్దు. కొండ ఎక్కాలె. చెట్లల్ల నడవాలె. మా అన్న టెంటు గూడ తెస్తడట."

"టెంటు కాదే, తాడు!" అన్నాడు జయరాజ్ అవతల నుంచి. "కొండకు కట్టి ఎక్కుతం."

"నువ్వు మన చర్చి గంట తాడు గుంజవోయి కింద పడ్డవు, మర్చిపోయినవా?"

ఫుప్పీ పకపకా నవ్వింది. జహీదా తాడు అక్కరలేదని చెప్పింది. బూట్లుంటే చాలు, వాగులో రాళ్లు జారుతాయి.

"ఎప్పుడు పోదామనుకుంటున్నరు?"

"గదే ఆంటీ చిక్కు. వచ్చే నెల అనుకున్నం. గని ఈ నెల ఇరవై అయిదు భస్మ బుధవారం. గా దినం నుంచి ఈస్టర్ దాక శ్రమల దినాలు. పాస్టర్ గారు పిక్నిక్ మాటెత్తనియ్యరు."

"ఈస్టర్ తర్వాత వద్దు. ఎండలు. గోదాట్ల నీళ్లుండయి, లాంచీ ఇసుకల కూసుంటది" అంది జహీదా.

"మరి బుధవారానికి ముందల సోమారం సెలవు."

"సోమారం శివరాత్రి" అన్నాడు లాలు. "పేరంటాలపల్లి గుడికి ఊళ్లకు ఊళ్లు కదుల్తయి. లాంచీల కాలు పెట్ట సందుండది."

మిగిలింది శనివారం, ఇరవై ఒకటో తేదీ. ఆదివారం ఆరాధన ఇసుకలోనే పెట్టుకుంటామని పాస్టర్ గారిని ఒప్పిస్తానన్నాడు జయరాజ్. నెలవంకను బట్టి మౌల్వీ సాబ్ లెక్క కట్టి చెప్పిన ప్రకారం జహీదా ఇద్దత్ తీరేది దానికి ముందురోజు, శుక్రవారం. ఈ సంగతి ఆ రోజు ఆమెకు అవసరమైనట్టు అనిపించలేదు. వండి పంపడమే కదా.

రెండు రోజుల తర్వాత బ్లెస్సీ ఫోన్ చేసింది. గొంతు పడిపోయి ఉంది.

"ఆంటీ, ట్రిప్పు ఆగేటట్టున్నది. రాత్రి ఉండేది గదా, ఆడపిల్లలను ఉత్తగ పంపేది లేదంటున్నరు నాయినలు. పెద్ద ఆడమనిషి వెంట ఉంటెనే పంపుతరట. పాస్టరమ్మకు మోకాళ్లు నొస్తున్నయి. విశ్రాంతమ్మ టీచర్‌ను అడిగినం, కూతురి కాన్పు ఉన్నదన్నది. సగం మందిమి ఆడపిల్లలమే. మేం రాకపోతే అబ్బాయిలు గూడ పోరు."

జహీదా ఫోన్ పెట్టి ఫుప్పీకి చెప్పింది.

"నేను పోత" అంది ఫుప్పీ. "నాకేం, మోసెటోళ్లు నలుగురుంటే చాలు." తన మాటకు తనే నవ్వుకుని, ఆకువక్క బుగ్గన పెట్టుకుని, కాసేపాగి అంది. "నువ్వే పో దుల్హన్. శుక్రవారానికి నీది అయిపోతది గదా."

జహీదాకు పోవాలనీ లేదు, వద్దనీ లేదు. లాలును అడిగితే, దుప్పటికి అవతల పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది. తర్వాత, "సీటుంది అమ్మా" అన్నాడు.

ఆమె బ్లెస్సీకి ఫోన్ చేసి తను వస్తానంది.

గురువారం అజారుద్దీన్ తల్లాడ బస్సు దిగి తిన్నగా వచ్చాడు. ఆయనా ముందు గదిలోనే కూర్చున్నాడు. తమ్ముడి పెళ్లాం అయినా ఇద్దత్‌లో ఆయనకూ పరదాయే.

"నేనిన్నది నిజమేనా?"

"అవ్, భాయ్‌సాబ్."

"రేపు ఇద్దత్ తీరితే ఎల్లుండి పిక్నికా? జనం ఏమనుకుంటరు? ఎప్పుడెప్పుడా అని కూసున్నదంటరు. మసీదు జమాతుల నా ముఖం ఎట్ల చూపియ్యాలె?"

"పిక్నిక్ వాళ్లది. నాది పని."

"పనే! బయటికెల్లి చూసెటోనికి పనెట్ల కనపడ్తది? గోదావరి మీద లాంచీల, పిల్లలు పాటలు పాడుతుంటే, మధ్యల నువ్వు."

అది నిజంగానే అట్లా కనపడుతుంది. ఫుప్పీ అందుకుంది. "మౌల్వీ సాబ్‌ను అడిగినవా అజారూ?"

"అడిగిన. ఇద్దత్ తీరితే తీరినట్టే అన్నడు. జనం నోళ్లు మాత్రం తన చేతుల లేవన్నడు."

"మరింకేంది?"

"ఇంకేందంటే ఏం చెప్పాలె ఫుప్పీ? పోయినోడు నా తమ్ముడు." కుర్చీ జరిపిన చప్పుడైంది. "సరే, ఆడమనిషే గావాల్నంటే మీ భాభీని, మా ఇంటామెను, పంపుత."

"భాభీకి జీపెక్కంగనే కక్కులు" అంది జహీదా. వెక్కిరింపుగా కాదు, ఉన్నమాటగా. అయినా ఫుప్పీ కొంగు నోట్లో కుక్కుకుంది. అవతల లాలు దగ్గాడు.

వీధిలో పత్తి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నన్ను తల్లాడ రమ్మన్నరు" అంది జహీదా. "రానని అనలే. గని అక్కడ పొద్దున లేస్తే నేనేం చెయ్యాల్నో నాకు ఎర్కలేదు భాయ్‌సాబ్. ఇది ఎర్కే. మీరు వద్దంటే ఆగుత. ఆ పిల్లలకు మీరే ఫోన్ చేసి చెప్పుండ్రి."

ఆయన ఫోన్ చేయలేదు. లేచి నిలబడ్డాడు. "పోతె పో. నేను మాత్రం పొమ్మన్లే."

"మీరు పొమ్మన్లేదనే చెప్త."

శుక్రవారం సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత చుట్టపు ఆడవాళ్లు వచ్చారు. ఆమెకు తల అంటి, ఆకుపచ్చ చీర కట్టించి, దుప్పటి తీసి మడతపెట్టి, పక్కింటి దాకా నడిపించి తీసుకొచ్చారు. వీధి తనకు గుర్తున్న దానికన్నా వెడల్పుగా ఉంది. అంతకు మించి ఏమీ అనిపించలేదు. వాళ్లు వెళ్లగానే ఆకుపచ్చ చీర విప్పి నూలుది కట్టుకుని, ఉల్లిగడ్డల బస్తా ముందు కూర్చుంది.

శనివారం తెల్లవారుజామున గుండిగలెక్కించి, లాలు పక్క సీట్లో కూర్చుంది. ఎదురింటి కిటికీ రెక్క తెరుచుకుంది. "ఎక్కడికి జహీదా?" అని ఒక గొంతు. "పని మీద" అంది. కిటికీ తెరిచే ఉంది. జీపు కదిలింది, వెనకే తిరుమలాయపాలెం పిల్లల వ్యాను.

తల్లాడ సెంటర్లో అజారుద్దీన్ ఉంటాడేమో అనుకుంది. లేడు. కొత్తగూడెం, భద్రాచలం వంతెన, రేవు. అన్నీ తను ఫోన్లో చెప్పిన వరసలోనే వచ్చాయి, ఎవరో చదివిపెట్టిన పాఠం అప్పచెబుతున్నట్టు. లాంచీ నడిపే సరంగు బద్యా ఆమెను చూసి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "సత్తార్ భాయ్..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "అవ్" అంది ఆమె. "ఆడపిల్లలను ముందల కూసోబెట్టు. కమ్మీలు ఎక్కనియ్యకు."

కొండలు దగ్గరికొచ్చిన మలుపులో తిరుమలాయపాలెం యూత్ నోరు మూయలేదు. గిటార్ వాయిస్తూ ఇంకా గట్టిగా పాడారు. జహీదా కొండల్ని చూసింది. పచ్చగా, ఎత్తుగా, కింద నీళ్లలో నల్లగా ఉన్నాయి. గుండెలో ఏదో కదులుతుందని కాచుకుని కూర్చుంది. మలుపు అయిపోయింది. ఏమీ కదలలేదు. ఇంతేనా అనుకోలేదు, ఇంత బాగుందా అనుకోలేదు. సత్తార్ ఉంటే ఏమనేవాడో తెలుసు. ఆ మాట పిల్లలకు చెప్పబోయి మానేసింది.

రాత్రి గుడిసెల ముందు ఆడపిల్లలు ఆమె చుట్టూ పడుకున్నారు. మర్నాడు ఇసుకలో ఆరాధన అయ్యాక కొండెక్కారు. ముందు కోయ మనిషి, వెనక పిల్లలు, అందరికన్నా వెనక జహీదా. సగం దారిలో దీవెన అనే పిల్ల రాయి మీద జారి, మడమ పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. మిగతావాళ్లను పైకి పొమ్మని, జహీదా ఆ పిల్ల బూటు విప్పి, కాలును వాగు నీళ్లలో పెట్టించింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. తన చేతులు కూడా ఆ నీళ్లలోనే ఉన్నాయని కాసేపటికి గమనించింది. వేళ్లు జివ్వుమని నొప్పెట్టాయి. తీయలేదు.

"ఆంటీ, మీరు పైకి పోండ్రి. మీరు గూడ చూడలే గదా" అంది దీవెన.

"ఉండనీ. నొప్పి తగ్గిందా?"

తిరుగు లాంచీలో బద్యా చుక్కాని దగ్గర నుంచే అడిగాడు. "శనివారాలు ఉంచమంటరా, తియ్యమంటరా అమ్మా? అజారుద్దీన్ భాయ్ ఫోన్ చేసిండు. గీ ట్రిప్పు అయినంక మిమ్ములనే అడుగుమన్నడు."

ఆయన తీసేయమని చెప్పి ఉంటాడనే జహీదా అనుకుంది. అట్లా చెప్పలేదు.

"ఉంచు" అంది. "ఆడపిల్లలున్న పార్టీకి నేనొస్త. ఉత్త మగోళ్లయితే లాలు చూసుకుంటడు."

ఆదివారం పొద్దుగూకాక జీపు ఇంటి ముందు ఆగింది. అజారుద్దీన్ అరుగు మీద ఫుప్పీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు మధ్యలో దుప్పటి లేదు. నాలుగు నెలల తర్వాత ఆయన ముఖం చూసింది. గడ్డం బాగా నెరిసింది.

"అయిందా?" అన్నాడు ఆయన, జీపు వంక చూస్తూ.

"అయింది. ఒక పిల్లకు మడమ వాచింది."

"వచ్చే శనివారం?"

"ఇంకా ఎవరూ అడగలే. అడుగుతరు."

ఆయన తలూపాడో లేదో తెలియలేదు. లేచి, లాలుతో కలిసి పెద్ద గుండిగను జీపులోంచి దించాడు. జహీదా తలుపు రెండో రెక్క కూడా తీసి, వాళ్లకు దారి వదిలి పక్కకు నిలబడింది.