యాభై అంగల దూరంలో చాయ్

పెట్రోలుకు రేషను నడిచిన యుద్ధపు రోజులవి. జహీరాబాద్ బజారులో మాది బట్టల దుకాణం. అన్నలు గద్దె మీద కూర్చున్నారు, నాకు పెట్రోలు బండి దక్కింది. ఇంట్లో బేరానికి నన్ను మించినవాడు లేడని నాయన నన్నే పంపాడు. తీరా చూస్తే పెట్రోలుకు సర్కారు కట్టిన ధర ఒక్కటే. బేరమే లేని సరుకును బేరగాడి చేతిలో పెట్టడం నాయన చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ వ్యాపారం.

బొంబాయి సడక్ మీద లారీయో బస్సో పెట్రోలు అయిపోయి ఆగితే నాకు కబురొచ్చేది. ఎడ్లబండిలో డబ్బాలు వేసుకుని, అది ఆగిన చోటికే పోయి పోసి రావాలి. పెట్రోలు అమ్ముకోవడానికి పరవానా ఇచ్చిన రోజు పోలీసు అమీన్ సాబు షరతులు చదివి వినిపించాడు. ఇంజను ఆపించాలి. జనాన్ని దింపి దూరంగా నిలబెట్టాలి. ఎడ్లను విప్పి పక్కన కట్టాలి. ఇసుక డబ్బా ఎప్పుడూ బండిలో ఉండాలి. కబురు కోసం కాచుకునేటప్పుడు బండి ఊరి బయట, ఏ పొయ్యికైనా యాభై అంగల దూరంలో నిలవాలి. దాన్ని విడిచి పోకూడదు.

బజారు రొదలో పుట్టి పెరిగినవాణ్ణి, అల్లం చేను గట్టున ఒంటరిగా కూర్చున్నాను. కొన్ని రోజులు ఒక్క కబురూ ఉండేది కాదు. ఉన్నా, బస్సు జనం షరతు ప్రకారం దూరంగా నిలబడి, పోయడం అయ్యాక ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు. ఎడ్లతో బేరమాడి చూశాను. ఏ ధర చెప్పినా తల ఊపేవి. అందులో రుచేముంది?

అలాంటప్పుడు ఒక ముసలి చాచా సడక్ పక్కన బొగ్గుల పొయ్యి పెట్టి చాయ్ అమ్మడం మొదలుపెట్టాడు. సరిగ్గా యాభై అంగల అవతల.

"ఓ సేటూ! ఈడికెళ్ళి ఒర్లి ఒర్లి గొంతు పోతున్నది. జర దగ్గరికి రానియ్యరాదు?" అని మూడో రోజు అరిచాడు.

"కానూను ఉన్నది చాచా. యాభై."

"ముప్పైకి ఇయ్యి."

నా ప్రాణం లేచి వచ్చింది. ఎన్ని నెలలైంది ఆ మాట విని!

"నలభై ఐదు. పొద్దుగాల బోణీ అని ఇస్తున్న."

"బోణీ అంటవు, అంగుళం ఇడువవు. కోమటోళ్ళ ఇంట్ల పుట్టినవా, కొలబద్దకు పుట్టినవా?"

నలభైకి ఖాయం చేశాం. మర్నాడు మళ్ళీ బేరం, ముప్పై. దుకాణంలో గజం బద్దతో నేర్చిన విద్య నాకుండనే ఉంది. పొట్టి పొట్టి అంగలు వేసి కొలిచేవాణ్ణి. ఎవరైనా అడిగితే లెక్క యాభైయే. అంగ ఎంత పొడుగుండాలో పరవానాలో రాయలేదుగా! నెల తిరిగేసరికి పొయ్యి బండి పక్కకొచ్చింది. చాచా కూర్చోవడానికి ఏమీ లేక, ఇసుక పారబోసి ఆ డబ్బానే బోర్లించి వేశాను. మనిషి ఎదురుగా కూర్చుంటే ఇసుక ఎవరికి గుర్తుంటుంది?

ఒక మధ్యాహ్నం గాలి మళ్ళింది. బండిలో ఒక పెట్రోలు డబ్బా అతుకు దగ్గర కారుతోందని వాసన వచ్చి నేను లేచేలోపే, పొయ్యిలోంచి రవ్వ ఎగిరి బండి వెనక వేలాడే గడ్డి మోపు మీద పడింది. గడ్డి అంటుకుంది. ఇసుక కోసం చెయ్యి చాచాను. డబ్బా మీద చాచా కూర్చుని ఉన్నాడు, డబ్బాలో ఏమీ లేదు.

చాచా లేచి ఒట్టి చేతులతో మండుతున్న మోపును లాగి చేలోకి విసిరాడు. నేను మట్టి ఎత్తి పోశాను. మంట ఆరింది. చాచా కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది.

"దవాఖానకు పోదాం పా."

"బండి ఇడిసి ఎట్లొస్తవు? కానూను లేదా? నేను పోత తియ్యి" అంటూ చెయ్యి పైకెత్తి పట్టుకుని ఊళ్ళోకి నడిచాడు. వెనక పోలేకపోయాను. డబ్బా కారుతూనే ఉంది.

నాలుగు రోజుల తర్వాత చేతికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. అప్పటికే నేను కొలిచి గీత గీశాను. నాకు సాధ్యమైనంత పొడుగు అంగలు వేసి, యాభై. ఇసుక డబ్బా అంచు దాకా నింపి బండిలో పెట్టాను. చాచా గీత చూశాడు, నన్ను చూశాడు.

"నలభైకి ఇయ్యవా?" అన్నాడు నవ్వుతూ.

తల అడ్డంగా ఊపాను. నా జన్మలో బేరం లేదన్నది అదొక్కసారే. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత రోజూ చాచా ఎడమ చేత్తో గ్లాసు తెచ్చి, సగం దూరంలో ఉన్న రాయి మీద పెట్టి వెనక్కి పోయేవాడు. ఆయన పొయ్యి దగ్గరికి చేరాక, బండి మీంచి కళ్ళు తిప్పకుండా వెనకడుగులు వేస్తూ రాయి దాకా వెళ్ళి తెచ్చుకునేవాణ్ణి. తాగేసరికి చల్లారిపోయేది.

"ఎట్లున్నది సేటూ?" అని అటునుంచి కేక.

"మస్తున్నది చాచా!" అని ఇటునుంచి ఒర్లేవాణ్ణి.