ఓనర్ ఆంటీ కంట్రీ పాటలు

2009లో మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చినప్పుడు నేను అద్దెకు దిగిన ఇంటి ఓనర్ ఆంటీ కంట్రీ పాటలు, అంటే గిటారు మీద పాడే అమెరికా పల్లె బాణీలు, పాడేది. వారమంతా చెంచాలు, కత్తులు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, శనివారం సాయంత్రం కార్మికుల క్లబ్బుల్లో గిటారు. ముప్ఫై ఏళ్లు అలాగే గడిపిందట. పాటలన్నీ తను రాసుకున్నవే. రాని బస్సు మీద ఒకటి, వెళ్లిపోయిన మొగుడి మీద మూడు.

"మూడెందుకు ఆంటీ?" అని అడిగాను.

"మొదటి రెండింట్లో వాణ్ని మరీ మంచివాణ్ని చేసేశాను లవ్" అంది. అక్కడ అందరినీ అలా 'లవ్' అనే పిలుస్తారు.

నేను చేరిన ఏడాదే ఆవిడ గొంతులో గడ్డకు ఆపరేషన్ జరిగింది. అది ప్రమాదకరమైనది కాదని తేలింది కానీ, పై స్వరాలు పోయాయి. మాట బాగానే ఉండేది. పాట పైకి వెళ్లేచోట మాత్రం గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. గిటారు మెట్ల కింద అరలోకి చేరింది. క్లబ్బు నుంచి ఫోన్ వస్తే, ఇంట్లో లేనని చెప్పమని నాకు సైగ చేసేది.

ఒక ఆదివారం పప్పు ఉడికిస్తూ ఆ బస్సు పాట కూనిరాగం తీస్తున్నాను. చిన్నప్పటి నుంచి మా గుంటూరు చర్చిలో పాడిన అలవాటు నాది. ముందుగదిలోంచి కేక వినబడింది.

"అక్కడ దిగకూడదు! పైకి వెళ్లాలి."

"మీరు పాడి చూపించండి."

"చూపించలేను కదా."

వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "మళ్లీ ఎత్తుకో. పైది నువ్వు పట్టుకో, కింద నేనుంటా" అంది. బొంగురుగా, బెరుకుగా ఆవిడ గొంతు నా గొంతు కిందికి వచ్చి చేరింది. పప్పు అడుగంటిన వాసన వచ్చింది. ఇద్దరం ఆపలేదు.

ఆ చలికాలమంతా పాత పాటల శ్రుతి దించింది. కింది గొంతుకు సరిపడేలా కొత్తవి రాసింది. మార్చిలో క్లబ్బుకు వెళ్లాం. సెక్రటరీ వచ్చి, "ఏడున్నరకి బింగో. ఆలోపు ముగించెయ్యండి" అన్నాడు. చుడీదార్లో ఉన్న నన్ను చూసి ముందు బల్లల వాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆంటీ మైకు అందుకుంది.

"నా పై గొంతు ఆసుపత్రిలో వదిలేసి వచ్చా. ఇదిగో, కొత్తది గుంటూరు నుంచి తెప్పించుకున్నా."

హాలంతా నవ్వింది. బస్సు పాట అయ్యాక ఇంకొకటి, ఇంకొకటి అన్నారు. జనం అసలు వచ్చేదే డబ్బు పెట్టి ఆడే ఆ నంబర్ల ఆట కోసం, అలాంటి బింగో పావుగంట ఆలస్యంగా మొదలైంది. ఆ క్లబ్బులో అంతకు మించిన సన్మానం లేదు.

లీడ్స్‌లో ఉద్యోగం వచ్చినా నాలుగేళ్లు శనివారాలు రైలెక్కి వెళ్లాను. పెళ్లయి పాప పుట్టాక కుదరలేదు. నా చోట్లో సెక్రటరీ భార్యను పెట్టుకుంది. ఒకసారి ఇద్దరూ ఫోన్లో పాడి వినిపించారు.

"ఎలా ఉంది లవ్?"

"ఆవిడకి కొంచెం శ్రుతి తప్పుతోంది ఆంటీ" అన్నాను.

నిజానికి నాకంటే బాగా పాడింది. ఆంటీకి అది తెలుసు. ఫోన్లో పెద్దగా నవ్వి, పాప పళ్ల గురించి అడగడం మొదలుపెట్టింది.